గుంటూరులో చిన్న ఫోర్ బై ఫోర్: జిమ్నీయా, థారా, పాత జిప్సీయా? రేగడి డొంకలున్నవాళ్లు చెప్పండి

పత్తిచేను_07 | 2025 జూలై 27, రాత్రి 10:12

నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదివి వెళ్లిపోయే బాపతు నేను, రాయడం ఇదే మొదలు.

ఇల్లు గుంటూరు కొరిటెపాడులో. ఉద్యోగం విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర. వారానికి ఐదు రోజులు మంగళగిరి మీదుగా రానూపోనూ 70 కిలోమీటర్లు. ఇదొక కథ. రెండో కథ, తాడికొండ అవతల నాన్న చేస్తున్న ఏడెకరాలు. నాలుగు పత్తి, మూడు మిర్చి. తారు రోడ్డు దిగాక చేను దాకా కిలోమీటరున్నర డొంక. ఎండాకాలం దాని మీద ఆటో కూడా దూసుకుపోతుంది. నాలుగు చినుకులు పడ్డాయా, ఇక అంతే. నల్లరేగడి ఎరిగినవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. చెప్పులు రోడ్డు మీదే వదిలి పోవాలి, తిరిగొచ్చేసరికి ఒక్కో కాలికి రెండేసి కేజీల మట్టి.

నాన్నకి 68. మోకాళ్లు అరిగాయి, చేను మానడు. అందుకే ఉన్న చిన్న కారు అమ్మేసి రెండు పనులకీ ఒకటే బండి కొందామని. బడ్జెట్ ఆన్‌రోడ్ 17 లక్షలు. నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం వెళ్లేది, ఫోర్ బై ఫోర్ కావాలి. నా లిస్టులో మారుతి జిమ్నీ, మూడు డోర్ల మహీంద్రా థార్, లేదంటే పాత మారుతి జిప్సీ ఒకటి చూసుకుని బాగు చేయించుకోవడం. రీల్స్ చూసి వచ్చిన పిచ్చి కాదు. డొంకలో నిజంగా తిప్పినవాళ్లు చెప్పండి.

లెక్కల మాస్టారు | జూలై 27, రాత్రి 10:40

కారు అస్సలు పోలేని రోజులు ఏడాదికి ఎన్ని ఉంటాయి? నలభై వేసుకుందాం. ఆ నలభై రోజుల కోసం 17 లక్షలా? ఊళ్లో ట్రాక్టరున్న ఆయనకి డీజిల్ డబ్బులిస్తే మీ నాన్నగారిని మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లి దింపుతాడు. మిగతా 325 రోజులు మీరు హైవే మీదే కదా తిరిగేది.

నల్ల_థార్ | జూలై 27, రాత్రి 11:05

మాస్టారూ, మీరు ప్రతి టాపిక్‌లోనూ ట్రాక్టరే కొనమంటారు.

పత్తిచేను బ్రో, కళ్లు మూసుకుని థార్ తీసుకో. నాది 2021 డీజిల్. 130 హార్స్ పవర్, 300 టార్క్, గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ బండి పొట్టకీ మధ్య ఎత్తు) 226 మిల్లీమీటర్లు. కంపెనీ చెప్పిన లెక్క ప్రకారమే 650 మిల్లీమీటర్ల నీళ్లలో దిగొచ్చు. హైవే మీద ఓవర్‌టేక్‌కి ఆలోచించక్కర్లేదు. జిమ్నీ 105 హార్స్ పవర్ పెట్రోల్, కాజ టోల్ గేట్ దాటాక ఎంత తొక్కినా ‘వస్తున్నా అన్నా, వస్తున్నా’ అంటుంది.

ఒక్క జాగ్రత్త. తక్కువ ధరకి కనపడే థార్ రియర్ వీల్ డ్రైవ్. 2023 జనవరిలో తెచ్చారు. బయటికి అచ్చం ఇలాగే ఉంటుంది, ముందు చక్రాలు మాత్రం ఊరికే దొర్లుతాయి. నీ డొంకకి అది పనికిరాదు.

పత్తిచేను_07 | జూలై 28, ఉదయం 7:20

థార్ వెనక సీట్లోకి ఎక్కడం ఎలా అన్నా? ముందు సీటు వంచి దూరాలి కదా. అమ్మ కూడా వస్తుంటుంది.

నల్ల_థార్ | జూలై 28, ఉదయం 7:31

అమ్మని ముందు కూర్చోబెట్టు.

పత్తిచేను_07 | జూలై 28, ఉదయం 7:33

ముందు నాన్న.

నల్ల_థార్ | జూలై 28, ఉదయం 7:40

అయితే జిమ్నీయే చూసుకో 😀

ఆటోనగర్ బాబాయ్ | జూలై 28, మధ్యాహ్నం 2:15

భోజనం చేసి కూర్చున్నా, తీరిగ్గా రాస్తా. ముప్ఫై ఏళ్ల నుంచి విజయవాడ ఆటోనగర్‌లో జీపుల కిందే నా బతుకు. కమాండర్లు, మేజర్లు, క్లాసిక్‌లు, ఇప్పుడు థార్‌లు. కాబట్టి కంపెనీ మీద ప్రేమా లేదు, కోపమూ లేదు.

ముందు ఒక సంగతి అర్థం చేసుకో బాబూ. ఫోర్ బై ఫోర్ అంటే నాలుగు చక్రాలూ ఎప్పుడూ సమానంగా లాగుతాయని కాదు. ముందు ఇరుసుకో డిఫరెన్షియల్, వెనక ఇరుసుకో డిఫరెన్షియల్. ఇంజన్ బలాన్ని రెండు పక్కల చక్రాలకీ పంచేది అదే. మామూలు డిఫరెన్షియల్ గుణం ఏంటంటే, పని తప్పించుకునే చక్రానికే తిండి ఎక్కువ పెడుతుంది. ఎడమ చక్రం బురదలో జారుతుంటే తిప్పుడంతా దానికే పోతుంది, కుడిది గట్టి నేల మీద ఉండి కూడా చేతులు కట్టుకుని చూస్తుంటుంది. ముందు ఒకటి, వెనక ఒకటి అలా జారాయంటే ఫోర్ వీల్ డ్రైవ్ వేసినా బండి ఉన్నచోటే కూర్చుంటుంది.

దీనికి ఒక్కో కంపెనీ ఒక్కో మందు వేసింది. థార్ పెద్ద వేరియంట్లలో వెనక ఇరుసుకి మెకానికల్ లాకర్ ఉంటుంది, చక్రం జారగానే అదే బిగుసుకుంటుంది. ఫోర్స్ కంపెనీ గూర్ఖాలో ముందూ వెనకా రెండూ మన చేత్తో లాక్ చేసుకోవచ్చు. అందులో దానికి సాటి లేదు, కానీ నువ్వు ఆఫీసుకి వేసుకుపోయే బండి కాదు అది. జిమ్నీలో లాక్ లేదు. జారే చక్రాన్ని బ్రేకు పట్టి ఆపుతుంది, అప్పుడు బలం అవతలి చక్రానికి పోతుంది. టకటకమని చప్పుడు వస్తే కంగారు పడొద్దు. ఒక్క క్షణం ఓపిక పట్టి యాక్సిలరేటర్ అలాగే ఉంచాలి. జనం ఆ చప్పుడుకి భయపడి కాలు తీసేస్తారు, బండి ఆగిపోతుంది, జిమ్నీ వేస్ట్ అంటారు.

రెండోది ‘ఫోర్ లో’, అంటే నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిరిగే గేరు. పాత జీపుల్లో రెండు గేరు రాడ్లు ఉండేవి చూశావా, ఆ చిన్న రాడ్డు పనే ఇది. జిమ్నీలో, థార్‌లో ఇప్పటికీ రాడ్డే ఇచ్చారు, అందుకు సంతోషం. ఫోర్ లో వేస్తే చక్రం తిరిగే వేగం సగం అవుతుంది, లాగుడు రెట్టింపవుతుంది. బండి పూర్తిగా ఆపి మార్చాలి. టూ వీల్ నుంచి ‘ఫోర్ హై’కి, అంటే నాలుగు చక్రాలూ మామూలు వేగంతోనే లాగేదానికి మాత్రం నడుస్తుండగానే మార్చుకోవచ్చు, స్టీరింగ్ తిన్నగా ఉంటే చాలు.

మూడోది అందరూ చేసే తప్పు. ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ హై వేసుకుని తిరగొద్దు. మలుపులో ముందు చక్రాలు పెద్ద చుట్టు తిరుగుతాయి, వెనకవి చిన్న చుట్టు. ఈ బళ్లలో మధ్య డిఫరెన్షియల్ లేదు, ఆ తేడా ఎక్కడికీ పోలేక షాఫ్టులు మెలిపడతాయి. మట్టి మీదైతే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు. మొన్న ఒకాయన దుర్గమ్మ ఘాట్ రోడ్డు ఎక్కడానికి ఫోర్ హై వేశాడట, దిగాక రాడ్డు వెనక్కి రావట్లేదని నా దగ్గరికి తెచ్చాడు. నాలుగు అడుగులు రివర్స్ చేయించా, టక్కుమని వచ్చేసింది. డబ్బులు తీసుకోలేదు, టీ తాగించాడు.

మాస్టారు అడిగిన నలభై రోజుల లెక్క తప్పేం కాదు. కానీ 68 ఏళ్లాయన్ని మడ్‌గార్డు మీద కూర్చోబెట్టమనడం ఏం సలహా అండీ.

లెక్కల మాస్టారు | జూలై 28, సాయంత్రం 6:02

ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. లెక్క మాత్రం తీసుకోను.

జిప్సీ పిచ్చోడు | జూలై 28, రాత్రి 9:30

తెనాలి నుంచి. పాత జిప్సీ అన్నారు కాబట్టి నేను రాకపోతే పాపం.

1985లో వచ్చిన బండి. 2019 నాటికి మామూలు జనానికి అమ్మడం ఆపేశారు. నాది 1.3 లీటర్ల కింగ్. వెనకా ముందూ కమాన్లే. గతుకు మీద ఎగిరితే మనం సీట్లో దిగేలోపు బండి ఇంకో గతుకు దగ్గరికి వెళ్లిపోతుంది. ఏసీ లేదు. పవర్ స్టీరింగ్ లేదు. నా బండికి ముందు చక్రాల హబ్బులు చేత్తో తిప్పి లాక్ చేయాలి. అంటే బురద రాబోతుందని ముందే తెలిసుండాలి, తెలియకపోతే మోకాలి లోతు రొచ్చులో దిగి హబ్బు వెతుక్కోవాలి. అయినా ఆ బరువుకి, ఆ ఇంజనుకి డొంకలో మేకపిల్లలా పోతుంది.

అయితే మీకు వద్దు. రోజూ 70 కిలోమీటర్లు జిప్సీలో తిరిగితే ఆర్నెల్లకి నాన్నగారి మోకాళ్ల పక్కన మీ నడుము కూడా చేరుతుంది. ఇంకోటి, మార్కెట్లో దొరికేవి చాలావరకు 15 ఏళ్లు దాటినవి. ఫిట్‌నెస్ చేయించాలి, రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 5 వేలకి పెంచారు. మిలటరీ డిస్పోజల్ బండి అంటారు, ఛాసిస్ నంబర్ గీకి చూస్తే కాగితాల్లో ఒకటి, ఇనుము మీద ఒకటి. కొనేముందు ఛాసిస్ నంబరు పెన్సిల్‌తో కాగితం మీద రుద్ది తీసుకోండి. అలా రుద్దనివ్వని వాడి దగ్గర కొనకండి.

సింగ్‌నగర్ టీచరమ్మ | జూలై 29, ఉదయం 6:10

నేను 2023 నవంబరులో తీసుకున్న జిమ్నీ మాన్యువల్ నడుపుతున్నాను. ఇరవై వేల కిలోమీటర్లు దాటింది. డొంక అనుభవం నాకు లేదు, నీళ్ల అనుభవం ఉంది, కాబట్టి అది చెబుతాను.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగుకి గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్‌లోకి నీళ్లొచ్చిన రోజు. తెల్లవారకముందే మా వీధి చివర కుక్కలు ఆగకుండా అరుస్తున్నాయి. తలుపు తీస్తే మొదటి మెట్టు కనపడలేదు. మా వారు ‘ఫోర్ వీల్ డ్రైవ్ కదా, ఆగు చూద్దాం’ అన్నారు. నేను ఆగలేదు. ఫోర్ హై వేసి, రెండో గేరులో, ఎక్కడా ఆపకుండా, ముందున్న ఆటో నీటి అలని రేపకుండా దూరం పాటిస్తూ ఫ్లైఓవర్ మీదికి ఎక్కించి వదిలేశాను. అప్పటికి నీళ్లు చక్రంలో సగానికి రాలేదు. ఒక గంట తర్వాత వెళ్లి ఉంటే బండి అక్కడే ఉండిపోయేది. మా సందులో నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. అంత నీళ్లలో ఏ బండైనా ఒకటే, అది పడవ కాదు.

పక్కింటి వాళ్ల కారు మునిగింది. నీళ్లు తీశాక పాపం ఆయన తాళం తిప్పి చూశారు. సిలిండర్లో నీళ్లుంటే స్టార్ట్ చేయకూడదు, కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. వంగాయి. ఇంజన్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ లేదని ఇన్సూరెన్స్ వాళ్లు ఇంజన్ ఖర్చు ఇవ్వం అన్నారు. ఏజెంటు పాలసీ రాసేటప్పుడు 1,800 తగ్గుతుందని దాన్ని తీసేయించాడట. మీరు ఏ బండి కొన్నా ఆ ఒక్క లైను పాలసీలో ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి.

సెకండ్ హ్యాండ్ చూసే ఉద్దేశం ఉంటే సీట్ బెల్టు చివరిదాకా లాగి చూడండి. మునిగిన బండి అయితే లోపలున్న భాగంలో మట్టి గీత ఉంటుంది. దాన్ని కడగాలని ఎవరికీ తోచదు.

కృష్ణలంక కుర్రోడు | జూలై 29, ఉదయం 9:44

మేడమ్ మీరు సూపర్ 🔥 జిమ్నీతో సూర్యలంక బీచ్‌లో డ్రిఫ్టింగ్ చేశారా ఎప్పుడైనా?

సింగ్‌నగర్ టీచరమ్మ | జూలై 29, మధ్యాహ్నం 1:20

లేదు బాబూ. పదో తరగతి పేపర్లు దిద్దాను.

పత్తిచేను_07 | ఆగస్టు 17, రాత్రి 8:50

మొన్న ఆదివారం రెండూ నడిపి చూశాం. థార్ నాకు నచ్చింది, అందులో దాపరికం లేదు. అమ్మ వెనక సీట్లోకి ఎక్కబోయి మధ్యలో ఇరుక్కుని నవ్వడం మొదలెట్టింది. నాన్న నవ్వలేదు. జిమ్నీ ఖాయం. దీంట్లో మళ్లీ టూ వీల్, ఫోర్ వీల్ అని వేరియంట్ల గొడవ కూడా లేదు, ఏది కొన్నా ఫోర్ బై ఫోరే.

షోరూం వాళ్లు ‘సార్ ఈ నెలే బుక్ చేయండి, స్టాకు ఉండదు’ అని రోజుకి రెండు ఫోన్లు. ప్రధాని ఆగస్టు 15న ఎర్రకోట మీద జీఎస్టీ తగ్గిస్తామన్నారు కదా. ఆగాలా?

లెక్కల మాస్టారు | ఆగస్టు 17, రాత్రి 9:05

ఆగండి. నా జీవితంలో ఇంత తేలిక ప్రశ్న ఎవరూ అడగలేదు.

లెక్కల మాస్టారు | సెప్టెంబర్ 4, ఉదయం 5:50

జీఎస్టీ తగ్గింపు వచ్చేసింది. 22వ తేదీ నుంచి అమలు. జిమ్నీ నాలుగు మీటర్ల లోపే అయినా ఇంజన్ 1,462 సీసీ, అందుకని చిన్న కారు కింద 18 శాతంలోకి రాదు. ఇప్పటిదాకా 28 శాతం జీఎస్టీ, 17 శాతం సెస్సు, మొత్తం 45. ఇకమీదట 40. షోరూం ధర మీద 50 వేల దాకా తగ్గాలి. థార్ ఫోర్ బై ఫోర్‌కి 48 నుంచి 40, అంటే సుమారు లక్ష. షోరూం ధర తగ్గితే దాని మీద వేసే లైఫ్ టాక్స్ కూడా ఆ మేరకు తగ్గుతుంది, అది మర్చిపోకండి. స్టాకు ఉండదన్న ఆ అబ్బాయికి నా నమస్కారాలు చెప్పండి.

పత్తిచేను_07 | అక్టోబర్ 5, రాత్రి 9:15

విజయదశమి రోజు, 2న, బండి ఇంటికొచ్చింది. గ్రే రంగు, మాన్యువల్, పెద్ద వేరియంట్. అమ్మ ఎరుపు అడిగింది, నాన్న ‘రేగడిలో తిరిగేదానికి రంగెందుకు’ అన్నాడు. దసరా రోజు ఇంద్రకీలాద్రి దగ్గరికి బండితో పోగలమా, అందుకని ఇంటి దగ్గరే గుమ్మడికాయ కొట్టి నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. నాన్న ‘ఫోర్ వీల్ వేసి తొక్కు, నాలుగూ ఒకేసారి నలగాలి’ అన్నాడు. ఈ మనిషి ఇన్నాళ్లూ జోకులెక్కడ దాచుకున్నాడో.

ఒక చేదు కూడా చెప్పాలి. డెలివరీ ముందు రోజు షోరూంలో 58 వేల యాక్సెసరీ ప్యాకేజీ అని కాగితం ముందు పెట్టారు, తీసుకోకపోతే దసరాకి బండి అందదన్నట్టు మాట్లాడారు. సీటు కవర్లు, క్రోమ్ ముక్కలు, పక్కన ఎక్కడానికి సైడ్ స్టెప్. గంటన్నర కూర్చున్నాను. చివరికి మ్యాట్లు, మడ్ ఫ్లాప్‌లు మాత్రం తీసుకుని బయటపడ్డాను. సైడ్ స్టెప్ మాత్రం మనసులో మెదులుతోంది, అమ్మకి కావాలి. వేయించనా బాబాయ్?

ఆటోనగర్ బాబాయ్ | అక్టోబర్ 5, రాత్రి 10:02

వద్దు. గ్రౌండ్ క్లియరెన్స్ 210 మిల్లీమీటర్లు ఇచ్చిన బండికి కింద 10 సెంటీమీటర్లు వేలాడే పైపు కడితే ఇక అది ఎందుకు? గట్టు ఎక్కి దిగేటప్పుడు ముందు చక్రాలు దాటాక పొట్ట ఆనుతుంది చూడు, అక్కడ మొదట తగిలేది అదే. వంగి డోరు కిందకి దిగిందంటే డోరు తెరుచుకోదు. అమ్మకి ముక్కాలి పీట ఒకటి కొను. రెండొందలు.

కృష్ణలంక కుర్రోడు | అక్టోబర్ 5, రాత్రి 10:20

అన్నా ముందు ఇనుప బుల్ బార్ వేయించు, వెనక 31 అంగుళాల టైర్లు, ఇంజన్‌కి గాలి పైనుంచి లాగే స్నోర్కెల్ గొట్టం. లుక్కే వేరు.

లెక్కల మాస్టారు | అక్టోబర్ 6, ఉదయం 5:45

బుల్ బార్ కూడదని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది. దారిన పోయేవాళ్లకి ప్రమాదం, పైగా గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ సెన్సార్ల లెక్క తప్పుతుంది. ఇక కంపెనీ ఇచ్చిన తీరుకి విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. క్లెయిమ్ రోజున ఇన్సూరెన్స్ వాళ్లకి ఇవన్నీ కంఠతా వస్తాయి.

పత్తిచేను_07 | నవంబర్ 2, రాత్రి 11:30

దిగబడ్డాను. వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

మొంథా తుఫాను 28 రాత్రి తీరం దాటింది కదా. రెండు రోజులు మా వైపు వాన. పగిలిన పత్తికాయలు చెట్టు మీదే తడిసి ముద్దయ్యాయని ఊళ్లోవాళ్లు ఫోన్. 31 ఉదయం ఎనిమిదింటికి నాన్నా నేనూ బయలుదేరాం. వాన లేదు, ఎండ వస్తోంది. ఇలాంటి రోజు కోసమే కదా కొన్నది అనుకున్నా.

తారు రోడ్డు దిగగానే ఫోర్ హై వేశాను. మొదటి రెండొందల మీటర్లు అద్భుతం, నాన్న కూడా డాష్‌బోర్డు మీద చెయ్యి వేసి తలూపాడు. తర్వాత స్టీరింగ్ తేలికైపోయింది. ఎడమకి తిప్పుతున్నా, బండి తిన్నగానే పోతోంది. అద్దం దించి చూస్తే టైరు లేదు. అంటే ఉంది, కానీ గాళ్లన్నీ మట్టితో నిండి పూత పూసిన రోకలిలా నున్నగా తిరుగుతోంది. ఆపి ఫోర్ లో వేశాను. మీరు చెప్పిన టకటక వినపడింది, కాలు తీయలేదు, ఇంకో యాభై మీటర్లు పాకింది. అక్కడ డొంక కాస్త ఒక పక్కకి వాలు. బండి తొందరేమీ లేకుండా, మర్యాదగా, పక్కకి జారుకుంటూ వెళ్లి కాలువ గట్టుకి ఆనుకుని ఆగింది. కుడివైపు చక్రాలు కాలవలో.

నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: ‘దీనికంటే నీ పాత కారే నయంరా. అది అసలు వచ్చేదే కాదు.’

గంట తర్వాత ట్రాక్టర్ వచ్చింది. మాస్టారు గారూ, మీరే గెలిచారు. ట్రాక్టర్ అబ్బాయి తాడు తీసుకెళ్లి ముందు ఇరుసుకి చుట్టబోతుంటే ఆపి బంపర్ కింద టో హుక్ చూపించాను. అదొక్కటీ సరిగ్గా చేశాను. మెల్లగా లాగితే వచ్చేసింది, గీత కూడా పడలేదు. డబ్బులు వద్దన్నాడు, బండితో ఫొటో దిగాడు. ఇప్పుడది ఊరి వాట్సాప్ గ్రూపులో ఉంది.

అసలు భయం మర్నాడు. ఆఫీసుకి పోతుంటే 70 దాటగానే స్టీరింగూ సీటూ గడగడ. గేర్‌బాక్స్ పోయిందనుకున్నా, షాఫ్ట్ వంగిందనుకున్నా, మంగళగిరి దగ్గర పక్కకి ఆపి చెమటలు పట్టి కూర్చున్నా. తీరా చూస్తే చక్రాల రిమ్ముల లోపలి వైపు అరంగుళం మందాన రేగడి ఎండి ఇటుకలా పట్టుకుని ఉంది. బ్యాలెన్స్ పోయి ఊగుతోంది. వాటర్ సర్వీసింగ్‌లో రెండు గంటలు కడిగారు, 900 తీసుకుని ‘ఇంకోసారి ఇలా తేవద్దు సార్’ అన్నారు.

నల్ల_థార్ | నవంబర్ 2, రాత్రి 11:41

థార్ అయితే

నల్ల_థార్ | నవంబర్ 2, రాత్రి 11:44

సరే, ఒప్పుకుంటా. థార్ కూడా దిగబడేది. 31న నాదీ ఉండవల్లి అవతల కరకట్ట దిగి తోటలోకి పోబోయి కూర్చుంది. నాది ఇంకా బరువు కదా, ఇంకా లోతుగా కూర్చుంది. ఫొటోలు పెట్టను.

ఆటోనగర్ బాబాయ్ | నవంబర్ 3, మధ్యాహ్నం 2:30

రేగడికి రెండు ముఖాలు బాబూ. నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఆరితే బీటలిస్తుంది. మధ్యలో జిగట ఉండే దశ ఒకటుంది, వాన వెలిసిన మొదటి రోజూ రెండో రోజూ. వాన కురుస్తుండగా పల్చటి బురదలోనైనా బండి ఈదుకుంటూ పోతుంది గానీ ఆ జిగటలో పోదు. నువ్వు సరిగ్గా దాని మధ్యలోకి వెళ్లావు, అదీ పొద్దున ఎనిమిదింటికి. ఆ రోజు పోయి తీరాలంటే మధ్యాహ్నం దాటాక పోవాలి. ఎండకి పైన పొర గట్టిపడుతుంది, అది పగలకుండా నడపాలి.

కంపెనీ టైరు 195 మిల్లీమీటర్ల వెడల్పు, 15 అంగుళాలది. సన్నగా ఉండటం తప్పేం కాదు, కానీ దాని గాళ్లు రోడ్డు కోసం కోసినవి, మట్టిని విదిలించుకోవు. అదే సైజులో ఆల్ టెరైన్ టైరు, అంటే రోడ్డుకీ మట్టికీ పనికొచ్చేది, వేయించు. మడ్ టైరు జోలికి పోకు, నువ్వు రోజూ 70 కిలోమీటర్లు తారు మీద తిరిగేవాడివి, ఆ హోరుకి పిచ్చెక్కుతుంది, తడి తారు మీద బ్రేకు కూడా నమ్మకంగా పడదు. డొంక దిగే ముందు టైర్లలో గాలి 18 పీఎస్ఐకి దించు. తారు ఎక్కగానే మళ్లీ కొట్టు. పన్నెండు వోల్టుల పంపు ఒకటి బండిలో ఉంచుకో.

ట్రాక్టర్ చక్రాలు చేసిన గాళ్లలో నడపకు. ట్రాక్టర్ ఇరుసు ఎత్తు వేరు, నీది వేరు. మధ్యలో ఉండే గుండు, అదే డిఫరెన్షియల్, మట్టిని దున్నుకుంటూ పోతుంది. ఒక చక్రం మధ్య మిట్ట మీద, ఒక చక్రం అంచున గడ్డి మీద పెట్టుకుని పో. గడ్డి ఉన్నచోట రేగడి కూడా మాట వింటుంది.

జిప్సీ పిచ్చోడు | నవంబర్ 3, రాత్రి 8:15

ఆ 31న నా జిప్సీ ఎక్కడుందో ఎవరూ అడగలేదు. షెడ్డులో. బ్యాటరీ లేదు.

కృష్ణలంక కుర్రోడు | డిసెంబర్ 14, సాయంత్రం 5:30

వచ్చే ఆదివారం హంసలదీవి బీచ్ డ్రైవ్ పెడదామా? ఇసుకలో ఫోర్ లో టెస్ట్.

సింగ్‌నగర్ టీచరమ్మ | డిసెంబర్ 14, సాయంత్రం 6:10

వద్దు. ఇక కొద్ది వారాల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఆ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. అవి ఇసుకలో ఎక్కడ పెట్టాయో పైకి కనపడదు. మీ ఫోర్ లో కిందే ఉండొచ్చు. పైగా ఉప్పునీరు తగిలిన ఛాసిస్‌ని ఆ రోజే మంచినీళ్లతో కడక్కపోతే తుప్పు మొదలవుతుంది.

మోడరేటర్ | డిసెంబర్ 14, సాయంత్రం 6:25

బీచ్ డ్రైవ్‌లకీ, కొండపల్లి రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా వెళ్లే ప్లాన్లకీ ఇక్కడ చోటు లేదు. ఇంకో సైట్ చూసుకోండి.

పత్తిచేను_07 | 2026 జనవరి 18, మధ్యాహ్నం 12:40

సంక్రాంతి అయింది, 6,400 కిలోమీటర్లు అయ్యాయి, లెక్క అప్పజెబుతున్నా.

మైలేజీ ఆఫీసు రూట్లో లీటరుకి 14 చుట్టూ. 80లో నిలకడగా పోతే 15 దాటుతుంది. వంద కొడితే ఇంజన్ అరుస్తుంది, 13కి పడుతుంది. ట్యాంకు 40 లీటర్లే, వారానికోసారి బంకు తప్పదు. స్టీరింగ్ మలుపు తిరిగాక దానంతటదే వెనక్కి రాదు, మనమే తేవాలి. మొదటి వారం బెంజి సర్కిల్ దగ్గర తిప్పి వదిలేసి, అది రాకపోయేసరికి బస్సు పక్కకి వెళ్లిపోయా. ఇప్పుడు అలవాటైంది, మా ఆవిడ కారు నడిపితేనే కొత్తగా ఉంటోంది.

వెనక డోరు పక్కకి తెరుచుకుంటుంది, మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో గోడకి ఆనించి పెడితే తెరవలేం. డిక్కీ 208 లీటర్లు అని కాగితం మీద చదివినప్పుడు తెలియలేదు. కూరగాయల సంచులు నాలుగు. మొదటి కోత మిర్చి టిక్కీ (బస్తా) ఒకటి తెద్దామంటే వెనక సీట్లు మడవాల్సి వచ్చింది. తెచ్చాం. నాన్న ఏసీ వేయమన్నాడు. తాడికొండ నుంచి గుంటూరు దాకా ముగ్గురం తుమ్ముతూనే ఉన్నాం. మూడు వారాలైంది, ఇప్పటికీ బ్లోయర్ మూడు మీద పెడితే గొంతు గరగర.

ఆల్ టెరైన్ టైర్లు డిసెంబరు మొదట్లో వేయించా. ఆ నెలలోనే ఒకసారి బాగా తడిసిన డొంకలో పోయి వచ్చాను. బాబాయ్ చెప్పినట్టు మధ్యాహ్నం, గాలి 18, గడ్డి అంచు పట్టుకుని. దిగబడలేదు. నాన్న ‘ఆ ట్రాక్టర్ అబ్బాయికి ఫోన్ చేసి రావద్దని చెప్పు’ అన్నాడు. అంటే ముందే పిలిచి ఉంచాడన్నమాట.

లెక్కల మాస్టారు | జనవరి 18, మధ్యాహ్నం 1:10

ఇప్పటిదాకా ఫోర్ వీల్ వేసిన దూరం మొత్తం ఎంత?

పత్తిచేను_07 | జనవరి 18, మధ్యాహ్నం 1:25

చెప్పాలా మాస్టారూ? 30 కిలోమీటర్లు ఉంటుందేమో.

లెక్కల మాస్టారు | జనవరి 18, మధ్యాహ్నం 1:26

6,400లో 30. ఊరికే అడిగా.

ఆటోనగర్ బాబాయ్ | జనవరి 18, మధ్యాహ్నం 2:40

నాన్నగారు ఈ సీజన్లో ఎన్నిసార్లు చేనుకెళ్లారు?

పత్తిచేను_07 | జనవరి 18, మధ్యాహ్నం 2:52

దాదాపు ప్రతి శనివారం, ఆదివారం. పోయిన సీజన్ మొత్తం మీద ఆరుసార్లు వెళ్లాడు.

నల్ల_థార్ | జనవరి 18, రాత్రి 9:00

శనివారం కొండవీడు వెళ్దామా? ఘాట్ అంతా తారే, ఏ కారైనా ఎక్కుతుంది, మాస్టారు కూడా రావచ్చు. పొద్దున ఏడింటికి ఫిరంగిపురంలో కలుద్దాం. తాడు నేను తెస్తా.

లెక్కల మాస్టారు | జనవరి 18, రాత్రి 9:12

తారు రోడ్డుకి తాడెందుకు?

పత్తిచేను_07 | జనవరి 18, రాత్రి 9:30

నేను రెడీ. అమ్మ కూడా వస్తానంటోంది. పీట డిక్కీలోనే ఉంది. చేను దగ్గర దాని మీద కూర్చునే పత్తి తీసేవాళ్లతో కబుర్లు చెబుతోంది, నాన్నకి ఇంకోటి కొనాలి.